కరెంటు లేని గోరంత

గుంట మగ్గం చుట్టూ పట్టాలు పరిచిండు మద్దిలేటి.
నా కాళ్లు గుంటల, తొక్కుడు కర్రల మీద.
నా నడుము పక్కనుంచి రైలు.
"కొంగు జర పైకి, అక్కా" అంటడు
నేనేదో లెవల్ క్రాసింగు గేటయినట్టు.

గద్వాల స్టేషన్ల వాడు పాయింట్స్‌మన్.
పన్నెండేండ్ల సంది
బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించుడే పని.
లీవు దొరికినప్పుడు పట్నం పోయి
ఎర్రగడ్డ ఆదివారం అంగడిల
పాత గడియారాల కుప్ప కింద
అరచెయ్యంత ఇంజను ఏరుకొచ్చిండు.
నాలుగే చక్రాలు. పచ్చరంగు సగం రాలింది.
"షంటింగుది. పెద్ద బండ్లకు చాకిరి చేసేది."
ఆ మాట దానికే చెప్పిండు, నాకు కాదు.

తిన్నటి పట్టా మీద బాగనే ఉరుకుతది.
పాయింటు కాడికి రాంగనే నిలబడుతది.
వేలుతో ఇట్లంటే పోతది.
చుట్టి వచ్చి మల్ల ఆడనే,
మొండి మేకపిల్ల లెక్క.

పుల్లకు దూది చుట్టి, స్పిరిట్ల ముంచి
చక్రాలు తుడిచిండు. కాటుకంత జిడ్డు.
అతుకుల మీద గోరు నడిపించి
తట్టిన కాడల్లా ఆకురాయి పెట్టిండు.
నా అచ్చు పళ్ల పక్కన పెట్టి చూసి
చక్రాలు వెంట్రుకంత దగ్గరైనయని
మెల్లగ ఎడం చేసిండు.
అయినా నిలబడుతది.

"పట్టాలు ఒకదాన్నొకటి దాటే కాడ
ఇనుము ఉండదక్కా, ప్లాస్టిక్ ముక్క.
ఎదురెదురు కరెంట్లు ముట్టుకోవద్దని.
ఆ గోరంత మేర పట్టా సచ్చిపోయి ఉంటది.
పెద్ద ఇంజనుకు ఎన్నో కాళ్లు, దాటిపోతది.
దీనికి ఒక్కో పక్క రెండే.
ఒకటి సచ్చిన జాగల పడి
ఇంకోటి మురికైతే, ఇగ ఏముంది?"

నాకు నవ్వొచ్చింది.
గద్వాల చీర నేసేదానికి చెప్తున్నవారా ఈ సంగతి?
నడుమ నూలు, అంచు పట్టు.
ఆ పోగు ఇటు రాదు, ఈ పోగు అటు పోదు.
కలిసే కాడ పోగుకు పోగు మెలేసి
కుట్టు పడాలె, అడ్డానికొకటి.
షావుకారి వేలు నేరుగ ఆడికే పోతది.
పువ్వు చూడడు, రంగు చూడడు.

వాడు నవ్వలే.
నిరుడు వానల్ల
ఖాళీ గూడ్సు డబ్బా ఒకటి
పాయింటు మీద కిందికి దిగింది.
ఎవరికీ దెబ్బ తాకలే.
నాలుక పట్టా సందుల ఒక కంకర రాయి.
దానికి మూడు దినాల సంజాయిషీ కాగితాలు.
అప్పటి సంది బువ్వ తినేటప్పుడు కూడా
పళ్లెం అంచుకు బొటనవేలు ఆనిస్తడు, సందు చూసినట్టు.
ఇంట్ల ఎవరం అడగం.

మర్నాడు నా కండె నుంచి మూరెడు జరీ అడిగిండు.
"లోపల పట్టు, మీద రాగి, రాగి మీద వెండి.
కరెంటు పారదా మరి?"
మూర జరీ ఎంతనో ఎరుకనా వీనికి?
తెంపి ఇచ్చిన.
ఇంజను వెనక చిన్న డబ్బా తగిలించి
దాని చక్రాల నుంచి ముందటి మోటారుకు
నా జరీతోటి వాడొక కుట్టు వేసిండు.
ముందటిది సచ్చిన జాగల ఉన్నప్పుడు
వెనకది బతికిన పట్టా మీద ఉంటది.
చేబదులు, అంతే.

పాయింటు కాడ ఇద్దరం ఊపిరి పట్టినం.
టక్. టక్‌టక్.
దాటింది.
చుట్టి వచ్చి మల్ల దాటింది.
మద్దిలేటి జేబుల చెయ్యి పెట్టి
లేని పచ్చజెండా వెతికిండు.

పదిహేడో చుట్టుకు ఆగింది.
పాయింటు కాడ కాదు, నా పక్కనే.
తిరగేసి చూస్తే ఇరుసు నిండ నా నూలు దుమ్ము.
"నీ తప్పే ఇది" అన్నడు, ఎంత సంతోషంగనో.
సూది మొనతోటి పీకి పారేసిన.

రాత్రి డ్యూటీకి పోతూ ఇంజనును
ఒక బెత్తెడు ముందుకు జరిపి పోయిండు.
ఏ బండినీ పాయింటు మీద పండనీయొద్దంట.